రెండు పౌండ్ల తేడా

ఇరువారం దాటినాక, బెంగళూరు రోడ్డు పక్కన
రేకు మీద రెండే మాటలు: గాలి కొట్టు.
అది అంగడి పేరో, ఆజ్ఞో
ఇప్పటికీ నాకు తెలీదు.
తెల్లారి ఆరింటికే లోపల కంప్రెషరు దగ్గుతుంది,
గంగులమ్మ టీ తాగుతూ దాన్ని తిడుతుంది.

నాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా పని.
తోతాపురి ట్రాక్టర్లు ఎక్కుతాయి, దిగుతాయి.
నిండు బరువు, ఖాళీ బరువు, తీసివేత.
పదేళ్లు ఊరోళ్ల బరువులు రాసి కూడబెట్టింది
బెంగళూరులో ఎవరో అమ్ముకున్న
చిన్న ఎర్ర కారు మీద పెట్టినాను.
పదకొండేళ్ల బండి. నేలకు జానెడు ఎత్తు.
ఇంట్లో మిరపకాయ అన్నారు.
ఫ్యాక్టరీలో ఇంకేదో అన్నారు, రాయను.

మొదట్లో నా లెక్క సులువు:
గట్టిగా ఉంటే చురుకు.
నాలుగు చక్రాలకూ నలభై కొట్టించి
మొగిలి ఘాటు పట్టినాను.
కాలిన పెనం మీద నీటిబొట్టు మాదిరి
ప్రతి గులకరాయికీ ఎగిరింది.
స్టీరింగు ఎంత తేలికంటే
తాడుకు అవతలి కొస ఎవరూ పట్టుకోనట్టు.
మూడో మలుపులో నేను తిప్పినాను.
బండి తిరగలేదు.
తిరగనని కూడా అనలేదు,
చాలా మర్యాదగా, నేరుగా,
ఎదురొస్తున్న మామిడి ట్రాక్టరు వైపు జరిగింది.
వేలెడు సందులో బయటపడినాను.
డ్రైవరు తిట్టిన తిట్టు కొత్తదేం కాదు,
కాటా కాడ రోజూ వినేదే.

మరుసటి వారం ఇరవై నాలుగు.
మెత్తనిది పట్టుకుంటుంది కదా అనుకున్నాను.
తిప్పితే, బండి ముందు ఆలోచించింది.
రబ్బరు ఒరిగింది, నలిగింది,
ఆ తర్వాత మిగతా ఒళ్లు వచ్చింది,
అర్జీ పెట్టిన మూడోరోజు కదిలే ఆఫీసు మాదిరి.

గంగులమ్మ నవ్వలేదు.
పక్కన టైలరును అడిగి సుద్దబిళ్ల తెచ్చి
టైరు అరికాలికీ చెంపకూ నడిమి
నిలువుగా మూడు గీతలు గీసింది.
"ఒక సుట్టు తిరిగి రాపో సామీ.
యాడికి చెరిగిందో అదే చెప్తాది,
నేను చెప్పేదేముండాది."

చెంప దాకా చెరిగింది.
"చూడు, చీలమండ మీద నడస్తాండాది పాపం."

నాలుగు పౌండ్లు పెంచింది. మళ్లీ సుద్ద, మళ్లీ ఘాటు.
ఇంకో ఏడు. మళ్లీ.
చివర్న, పసుపు తూచి చిటికెడు వెనక్కి తీసినట్టు,
టుస్సుమని కొంచెం వదిలింది.
ముందర ముప్పై మూడు. వెనక ముప్పై ఒకటి.
"పొద్దున్నే సల్లగా ఉన్నప్పుడే కొలుచుకోవల్ల.
ఘాటు దిగొచ్చినాక ముల్లు ముప్పై ఏడు చూపిస్తాది.
అది వాపు సామీ, బలుపు గాదు."

ఆమెకు కారు నడపడం రాదు.
ఒకసారి ఎక్కించుకుని పోతే
పోయి వచ్చిందాకా కళ్లు మూసుకునే ఉంది.
దేవుణ్ని తలుచుకుంటోందనుకున్నాను.
దిగుతూ అంది,
"ఎడమ పక్క ముందరిదాంట్లో అర పౌండు తక్కువ."
కొలిచినాను.
ఒకటి తక్కువ.

ఆదివారం అదే మూడో మలుపు.
చేతిలో అనుకున్నది చక్రంలో అయింది.
ముందరవి తోవలోకి వంగినాయి,
వెనకవి పిలవకుండానే వెంట వచ్చినాయి.
అంతే. చెప్పుకోడానికి ఏమీ జరగలేదు.
ఆ ఏమీ జరగకపోవడం కోసమే
మళ్లీ కిందికి దిగి మళ్లీ ఎక్కినాను.

నిన్న డ్యూటీ దిగేముందు, ఎవరూ లేనప్పుడు
కారును కాటా ఎక్కించినాను.
నేనూ పెట్రోలూ కలిపి తొమ్మిది వందల తొంభై కిలోలు.
దిగి, జాకీ వేసి ఒక చక్రం లేపితే
ప్లేటు దుమ్ములో అది ఆనిన అచ్చు:
అరచెయ్యంత.
అట్లాంటివి నాలుగు. ఘాటంతా వాటిమీదే వేలాడినానా!

నా పుస్తకంలో
బండికి గడి ఉంది, సరుకుకు గడి ఉంది, తరుగుకు కూడా ఉంది.
గాలికి లేదు.
అంచున ముప్పై మూడు, ముప్పై ఒకటి అని రాసి పెట్టినాను.
సూపర్‌వైజరు అడిగితే
కుళ్లిన కాయల లెక్కని చెప్పల్ల.